టక్ అని ఆగిపోయే సెల్ఫ్: 1969 ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ డైరీ

అక్టోబరు 12, శనివారం

ఈరోజు దసరా. ఇక్కడ ఇంగ్లండులోని కోవెంట్రీలో ఆయుధ పూజ అంటే మా ఇంట్లో రెండు కార్లు, మావాడి సైకిలు, నా పానాల పెట్టె. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు బొట్టు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి పక్కన పెట్టేశాం. తర్వాత స్పిట్‌ఫైర్ వంతు. ముందు చక్రాల కింద చెరో నిమ్మకాయ పెట్టి, మా ఆవిడ హారతి ఇచ్చి పక్కకు జరిగింది. నేను తాళం తిప్పాను.

టక్.

అంతే. డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు కొడిగట్టిన దీపంలా అయిపోయింది. మళ్లీ తిప్పాను. టక్. మూడోసారి తిప్పలేదు. ఎందుకు తిప్పకూడదో కింద రాస్తాను.

ఈ బండి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది స్పిట్‌ఫైర్ మార్క్ 3. 1296 సీసీ ఇంజను, రెండు సీట్లు, గుడ్డ టాపు. మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న కాన్లీలో తయారైంది. బాడీ గీసింది ఇటలీ ఆయన, జొవాన్ని మికెలొట్టి. కింద ఉన్నది మాత్రం ట్రయంఫ్ హెరాల్డ్ చాసీనే, పొడవు తగ్గించి వాడుకున్నారు. ఆ హెరాల్డే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారై మన రోడ్ల మీద తిరిగింది. తెనాలిలో మా మేనమామకు ఒకటి ఉండేది. నేను ఈ బండి కొనడానికి అసలు కారణం అదే, కానీ ఇంట్లో మాత్రం పెట్టుబడి అని చెప్పాను.

హెరాల్డ్ పుణ్యమా అని ఒక పాత చిట్కా గుర్తుంది. తాళం ఆపేసి, టాప్ గేరులో వేసి, బండిని ముందుకీ వెనక్కీ ఊపాలి. మావాడు వెనక నుంచి, నేను తలుపు పక్క నుంచి ఊపాం. నాలుగో ఊపుకు లోపల ఎక్కడో 'టింగ్' మంది. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అయింది. ఈ ఊపుడులో నిమ్మకాయలు రెండూ ఎప్పుడో నలిగిపోయాయి. ఇంజను స్టార్ట్ కాకుండా తొక్కిన నిమ్మకాయలు లెక్కలోకి వస్తాయా అని మా ఆవిడ అడిగింది. ఫ్రిజ్‌లో ఇంకో రెండు ఉన్నాయి కాబట్టి ఆ చర్చ పెరగలేదు.

అక్టోబరు 13, ఆదివారం

పొద్దున్నే మామయ్యకు ఫోన్ చేశాను. వయసు 80 దాటినా బండి మాట ఎత్తితే ఇంకో విషయం గుర్తుండదు ఆయనకు.

"ఏరా అల్లుడూ, సెల్ఫ్ కొట్టినప్పుడు లైట్లు డల్ అవుతున్నాయా, అలాగే ఉంటున్నాయా?"

"బాగా డల్ అవుతున్నాయి మామయ్యా."

"మరి ఇంకేం, బెండిక్స్ పట్టేసింది. మోటారుకు కరెంటు వస్తోంది, తిరగలేక చస్తోంది. అలాగే తాళం పట్టుకుని కూర్చోమాక, కాలిపోద్ది."

తెనాలి నుంచి ఒక్క ప్రశ్నతో సగం పని తేల్చేశాడు. బెండిక్స్ అంటే సెల్ఫ్ మోటారు కొసన ఉండే భాగం, ఇంజనును తిప్పే పళ్ల చక్రం ఉండేది దాని మీదే. సెల్ఫ్ మొరాయించిందంటే హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూడాలి. చప్పుడు లేదు, లైట్లు తగ్గలేదు అంటే కరెంటు మోటారు దాకా పోవడం లేదు, సోలెనాయిడ్‌నో (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి) వైర్లనో చూసుకోవాలి. 'ర్ర్ర్' మని మోటారు ఒట్టిగా తిరుగుతూ ఇంజను కదలకపోతే పళ్ల చక్రం బయటికి రావడం లేదు. 'టక్' మని లైట్లు చచ్చిపోతే పళ్ల చక్రం ఇరుక్కుంది, లేదంటే బ్యాటరీయే డౌన్. నా బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తోంది, దాని తప్పు లేదు.

ఈ బండికి ఉన్నది లూకాస్ ఎం35జి మోటారు, జడత్వంతో పనిచేసే పాత పద్ధతి. ఇప్పటి బండ్లలో సోలెనాయిడ్ ముందు పళ్ల చక్రాన్ని ఫ్లైవీల్ (ఇంజను వెనక ఉండే బరువైన చక్రం) చుట్టూ ఉన్న పళ్ల రింగులోకి నెట్టి, తర్వాతే మోటారును తిప్పుతుంది. దీనిలో నెట్టేవాళ్లు ఎవరూ లేరు. మోటారు ఇరుసు మీద మరలు తిరిగిన గొట్టం ఉంటుంది, దాని మీద పళ్ల చక్రం బోల్టు మీద నట్టులా వదులుగా ఉంటుంది. తాళం తిప్పగానే ఇరుసు ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, చక్రం మాత్రం బద్ధకంగా ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. బోల్టు గిర్రున తిరుగుతూ నట్టు తిరగకపోతే ఏమవుతుంది? నట్టు జరుగుతుంది. అలా జరిగి వెళ్లి రింగు పళ్లలో పడుతుంది. ఇంజను స్టార్ట్ అయ్యాక రింగు వేగం ఎక్కువై అదే మరల మీద చక్రాన్ని వెనక్కి విసిరేస్తుంది. మళ్లీ తనంతట అది ముందుకు జారకుండా ఒక సన్న స్ప్రింగు కాపలా ఉంటుంది. మొత్తం ఇంతే. ఈ 'విసరడం' అనే మాట గుర్తుపెట్టుకోండి, గొడవంతా దాని చుట్టూనే.

ఇరుక్కున్నప్పుడు మోటారు తిరగదు కాబట్టి వందల ఆంపియర్లు లాగుతుంది. మూడోసారి తాళం తిప్పకపోవడానికి కారణం అది.

మధ్యాహ్నం మళ్లీ ఇరుక్కుంది. ఈసారి బండి ఊపలేదు. స్పిట్‌ఫైర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది బానెట్. రెక్కలతో సహా ముందుకు ఒరిగిపోతుంది, ముందు టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. మోటారు ముందు కొసన చిన్న రేకు మూత ఉంటుంది. అది పీకితే ఇరుసు చివర నలుపలకలుగా కనిపిస్తుంది. పానా వేసి తిప్పాను. మొదట కదల్లేదు, పానా పిడి మీద అరచేత్తో ఒక దెబ్బ వేస్తే చేతికి తెలిసేలా వదిలింది. ఆ రోజుల్లో ఇంజనీర్లకు ఇది ఇరుక్కుంటుందని ముందే తెలుసు, అందుకే ఇరుసు చివర పలకలు చెక్కి వదిలారు. నిజాయితీ ఉన్న మనుషులు.

అక్టోబరు 19, శనివారం

మోటారు విప్పాను. ముందు బ్యాటరీ ఎర్త్ వైరు పీకేశాను. ఇది తప్పనిసరి, ఎందుకంటే మోటారుకు వచ్చే లావు కేబుల్‌కు మధ్యలో ఫ్యూజు లేదు. పానా జారి బాడీకి తగిలిందంటే వెల్డింగే. రెండు బోల్టుల్లో ఒకటి కనిపించింది, రెండోది వేళ్లకు తెలిసింది గానీ కంటికి కనపడలేదు. పావుగంటకో పావు చుట్టు. మోటారు ఊడి వచ్చేటప్పుడు దాని వెనక ఉన్న పల్చటి బద్దలు రెండూ జారి కింద పడ్డాయి. ఒకటి చాసీ మీద దొరికింది, రెండోది గంట తర్వాత నా చెప్పు కింద. పళ్ల చక్రానికీ రింగుకూ మధ్య ఎడం సరిచేసేవి అవే, పోగొట్టుకుంటే కథ మొదటికి వస్తుంది.

బెండిక్స్ చూడగానే సిగ్గేసింది. మరల నిండా నల్లటి జిగురు, ఆముదంలో మసి కలిపి కాటుక చేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. ఆ కాటుక పెట్టింది నేనే. వేసవిలో మోటారు ఒకసారి ఒట్టిగా తిరిగిందని, సందులోంచి స్ప్రే ఆయిలు గట్టిగా కొట్టాను. రెండు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది. క్లచ్ ప్లేటు అరుగుతూ రాలే పొడి అంతా అక్కడే తిరుగుతుంటుంది, నూనె కనిపించగానే అతుక్కుపోతుంది. అంటే నేను మందు అనుకుని రోగం పోశాను. ఈ మరలు పొడిగా ఉండాలి. గ్రీజు అసలు పనికిరాదు.

కిరోసిన్‌లో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో మూడుసార్లు కడిగాను. ఇక్కడ కిరోసిన్‌ను పారఫిన్ అంటారు, వచ్చిన కొత్తలో షాపులో ఇది అడగడానికి నేను పడ్డ పాట్లు వేరే కథ. ఆరాక మోటారును నిలువుగా పట్టుకుని చక్రాన్ని వేలితో తిప్పితే మరల మీద జారి, వదలగానే సన్న స్ప్రింగు దాన్ని వెనక్కి తెచ్చింది. కడగకముందు అదే చక్రం మధ్యలో ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోయింది.

పళ్లు చూస్తే మాత్రం సంతోషం సగానికి తగ్గింది. రింగులోకి ముందుగా దూరే అంచులు నలిగి, సుత్తితో కొట్టిన మేకు తలలా చుట్టూ రేకు లేచింది. సన్న ఆకురాయితో ఆ రేకు తీసేసి ఊరుకున్నాను.

బల్ల మీద పరీక్ష: వైసు లేకుండా, కాలితో తొక్కిపెట్టి, జంపర్ కేబుళ్లతో కరెంటు ఇచ్చాను. మోటారు చేపపిల్లలా ఎగిరి గోడకు తగిలింది. మీరు వైసులో బిగించండి.

అక్టోబరు 27, ఆదివారం

వారమంతా లెక్క రాశాను. ఇంజను స్టార్ట్ కాకుండా, స్పార్క్ పుట్టించే కాయిల్‌కు వచ్చే సన్న వైరు తీసేసి, పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని, మధ్యలో మోటారు చల్లారనిస్తూ మొత్తం 40 సార్లు సెల్ఫ్ కొట్టాం. మావాడు బానెట్ దగ్గర నిలబడి సోలెనాయిడ్ మీదున్న రబ్బరు బొత్తాం నొక్కడం, నేను పుస్తకంలో గీత గీయడం. సోలెనాయిడ్‌ను చేత్తో నొక్కే ఆ బొత్తాం వాడికి ఈ బండిలో అన్నిటికన్నా ఇష్టం. 40కి 4 సార్లు ఇరుక్కుంది. కడగకముందు దాదాపు మూడింటికి ఒకటి. బాగుపడింది, కానీ బాగు కాలేదు.

రెండు విషయాలు గమనించాం. ఇరుక్కున్న ప్రతిసారీ, ఇంజను ముందు దానితో పాటే తిరిగే క్రాంక్ పుల్లీ మీద సుద్దముక్కతో గీత పెట్టాను. నాలుగు గీతల్లో మూడు బెత్తెడు మేరలోనే పడ్డాయి, నాలుగోది సరిగ్గా ఎదురుగా. ఇది యాదృచ్ఛికం కాదు.

రెండోది మావాడు కనిపెట్టాడు. "నాన్నా, చోక్ వైరు ఎందుకు వేడిగా ఉంది?" డాష్‌బోర్డు నుంచి కార్బొరేటరుకు పోయే ఉత్త ఇనుప తీగ అది. చలిలో, స్టార్టే కాని ఇంజనులో చోక్ వైరు వేడెక్కడమేంటి? ఇంజను వేడి అనుకుంటున్నావేమో అని కొట్టిపారేయబోయి పట్టుకుని చూశాను. నిజమే, గోరువెచ్చగా కాదు, బాగానే వేడి. ప్లాస్టిక్ వాసన కూడా.

ఈరోజు నుంచి గడియారాలు గంట వెనక్కి. ఐదు కాకుండానే చీకటి. గ్యారేజీలో లైటు లేదు, పని ఆపేశాం.

నవంబరు 2, శనివారం

వేడి చోక్ వైరు సంగతి రాత్రి పడుకున్నాక వెలిగింది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. మోటారు తీసుకున్న కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఇంజను నుంచి బాడీకి ఒక లావాటి ఎర్త్ పట్టీ ఉండాలి. అది సరిగా లేకపోతే కరెంటు ఊరుకోదు, దారి వెతుక్కుంటుంది. చోక్ వైరు కూడా ఇనుమే కదా.

మీటరు పెట్టి కొలిచాను. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ కొసల మధ్య 10.6 వోల్టులు. మోటారు దగ్గర చూస్తే 9.2. మిగతా 1.4 ఎక్కడ పోయింది? లావు కేబుల్, సోలెనాయిడ్ కలిపి 0.3 తిన్నాయి, అది ఓర్చుకోవచ్చు. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజనుకూ మధ్య 1.1. దొంగ దొరికాడు. కింద దూరి చూస్తే ఎర్త్ పట్టీ అల్లిక సగం తెగి, మిగతా సగం చిలుము పట్టి పచ్చగా ఉంది.

కొత్త పట్టీ వేసి, బాడీ దగ్గర రంగు గీకి తెల్ల ఇనుము కనిపించాక బిగించాను. ఇప్పుడు ఎర్త్ వైపు నష్టం 0.2. బ్యాటరీ దగ్గర 10.4కు తగ్గింది, అది మంచి గుర్తే, మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటోందన్నమాట. మోటారు దగ్గర 9.9 అందుతోంది. చెవికి కూడా తేడా తెలుస్తోంది.

దీనికీ ఇరుక్కోవడానికీ సంబంధం ఏమిటంటే, పైన 'విసరడం' అన్నాను కదా, అదే. మోటారు ఎంత చురుగ్గా లేస్తే చక్రం అంత గట్టిగా, పూర్తిగా రింగులోకి వెళుతుంది. నీరసంగా లేస్తే పళ్ల అంచు మీద అంచు ఆనించి, సగం దూరి, అక్కడే బిగుసుకుంటుంది. మోటారు పాడైందని కొత్తది కొని బిగించేవాళ్లు చాలామంది ఇదే పట్టీతో దాన్నీ నడుపుతారు. కొత్త మోటారుకు బలం ఎక్కువ కాబట్టి కొన్నాళ్లు రోగం దాగుతుంది. నాకూ మొదట కొత్తది కొనేయాలనే అనిపించింది, ఒప్పుకుంటాను.

నవంబరు 3, ఆదివారం

ఎలాగూ ఇంత దూరం వచ్చాం కాబట్టి మోటారు మళ్లీ దించి పూర్తిగా విప్పాను. మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్లు 9 మిల్లీమీటర్లు ఉన్నాయి. 8కి వస్తే మార్చాలి, అందుకని ఇప్పుడే మార్చేశాను. కమ్యుటేటర్‌ను (ఆ కార్బన్లు రాసుకునే రాగి పలకల చుట్టు) పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, సన్న గ్లాస్ పేపరుతో మెరిపించాను. ఇక్కడ ఒక జాగ్రత్త. డైనమో కమ్యుటేటర్‌లో రాగి పలకల మధ్య ఉన్న మైకాను కొంచెం లోపలికి గీకుతారు. లూకాస్ సెల్ఫ్ మోటారుకు అలా గీకకూడదు. డైనమో చేసిన చేత్తో దీన్నీ గీకేసే ప్రమాదం ఉంది, నేను హాక్‌సా బ్లేడు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది.

ఇరుసును పట్టుకుని పక్కలకు ఊపితే కదలిక కంటికి కనిపిస్తోంది. పళ్ల చక్రం వైపు బుష్ (ఇరుసు లోపల తిరిగే కంచు గొట్టం) కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోయింది. అంటే చక్రం రింగును వంకరగా కలుస్తోంది. కొత్త కంచు బుష్ తెచ్చాను. దీన్ని నేరుగా ఎక్కించకూడదు, పల్చటి ఇంజనాయిల్‌లో 24 గంటలు నానాలి. సన్నసన్న రంధ్రాల్లోకి నూనె పీల్చుకుని జన్మంతా అదే వాడుకుంటుంది. ఖాళీ అయిన ఆవకాయ సీసాలో నూనె పోసి వేసి కిటికీలో పెట్టాను. రాత్రి మా ఆవిడ మూత తీసి వాసన చూసి, నా వైపు చూసి, మూత పెట్టేసింది.

పళ్ల చక్రం, మరల గొట్టం కలిపి కొత్తవి వేశాను. లావు స్ప్రింగును నొక్కి పట్టి లాక్ రింగు తీయాలి. ఆ స్ప్రింగు జారితే కన్ను పోతుంది, అద్దాలు పెట్టుకోకుండా ఆ పని చేయకండి.

నవంబరు 10, ఆదివారం

సుద్ద గీతల లెక్క తేల్చాలి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసేసి, మోటారు ఊడదీసిన సందులోంచి టార్చ్ వేసి, మావాడు పుల్లీని పానాతో కొంచెం కొంచెం తిప్పుతుంటే రింగు పళ్లు ఒక్కొక్కటే చూశాను.

చాలా దూరం పళ్లు చక్కగా, అంచులు పదునుగా ఉన్నాయి. తర్వాత ఉన్నట్టుండి పాడైన చోటు వచ్చింది. ఏడెనిమిది పళ్ల ముందు అంచులు నమిలినట్టున్నాయి, రెండు పళ్లకు మూల విరిగిపోయింది. మళ్లీ బాగున్న పళ్లు. సగం చుట్టు తిరిగాక ఇంకో పాడైన చోటు, ఇది కొంచెం నయం.

నాలుగు సిలిండర్ల ఇంజను ఆపినప్పుడు ఇష్టం వచ్చిన చోట ఆగదు. ఊపు తగ్గాక ఏదో ఒక పిస్టన్ కంప్రెషన్ దాటలేక వెనక్కి తూలి నిలబడుతుంది. అలా నిలబడే చోట్లు చుట్టుకు రెండే, ఎదురెదురుగా. 55 ఏళ్లుగా సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ దెబ్బ పడింది ఆ రెండు చోట్లే. మా ఊరి బావిగట్టు రాయి మీద తాడు ఒరిసిన గాడిలాగా.

ఇప్పుడు ఏం చేయాలి? గేరుబాక్సు దించి, ఫ్లైవీల్ ఊడదీసి, పాత రింగును డ్రిల్లు వేసి ఉలితో పగలగొట్టి, కొత్తదాన్ని వేడిచేసి ఎక్కించాలి. స్పిట్‌ఫైర్‌లో గేరుబాక్సు కింది నుంచి కాదు, లోపలి నుంచి వస్తుంది. సీట్లు తీసి, మధ్యలో ఉన్న అట్టలాంటి గూడు తీసి, గేరుబాక్సును పసిపిల్లాడిలా ఒళ్లోకి ఎత్తుకోవాలి. వినడానికి సులువే. నా నడుము అభిప్రాయం వేరు.

రెండో దారి, సోలెనాయిడ్‌తో వచ్చే కొత్త రకం గేరు మోటారు. బరువు తక్కువ, బలం ఎక్కువ. చాలామంది వేసుకుంటున్నారు, తప్పేం లేదు. కానీ అదీ ఈ విరిగిన పళ్లలోకే దూరాలి కదా. రింగు మార్చకుండా మోటారు మార్చడం, చెప్పులో ముల్లు ఉంచి కొత్త మేజోళ్లు తొడగడం.

అందుకని ఆగాను. క్లచ్ కూడా ఇంకో ఏడాదిలో అయిపోతుంది, అప్పుడు ఎలాగూ గేరుబాక్సు దిగాలి. రెండు పనులూ ఒకేసారి. నానిన బుష్ ఎక్కించి, బద్దలు రెండూ లెక్క పెట్టి వేసి, మోటారు బిగించేశాను.

నవంబరు 16, శనివారం

వారంలో 60 సార్లు. ఇరుక్కున్నది 1. అది కూడా మూల విరిగిన పళ్ల దగ్గరే, సుద్ద గీత పాత గీత మీదే పడింది. చోక్ వైరు చల్లగా ఉంది. పలకల ఇరుసుకు సరిపోయే పానాకు ఎర్ర టేపు చుట్టి డ్రైవరు తలుపు పక్కన పెట్టాను, గ్యారేజీకి తిరిగి వెళ్లదు.

మధ్యాహ్నం ఎండ వస్తే కాన్లీ దాకా వెళ్లొచ్చాను. చివరి స్పిట్‌ఫైర్ 1980 ఆగస్టులో అక్కడే బయటికి వచ్చింది. ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు బిజినెస్ పార్కు, ఆఫీసులు, గోడౌన్లు. వీధుల పేర్లు మాత్రం పాత బండ్లవి ఉంచారు. డాలమైట్ అవెన్యూ ఉంది, హెరాల్డ్ అవెన్యూ ఉంది. హెరాల్డ్ అవెన్యూ బోర్డు పక్కన బండి నిలిపి ఫోటో తీసి మామయ్యకు పంపాను. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"బాగుందిరా. ఫోటో తీసేటప్పుడు ఇంజను ఆపావా?"

ఆపలేదని రాశాను.